పాత ఇల్లు పడగొట్టాలా, పోర్షన్లు చేసి కిరాయికి ఇవ్వాలా? ముందు తేల్చుకోవాల్సినవి ఇవీ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాత బజార్లలో ఇంకా కొన్ని పాత ఇళ్లు మిగిలి ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూములు, వాటి వెనక గల్లీలో మందపాటి రాతి గోడలు, చెక్కిన టేకు దర్వాజ, లోపల ఆకాశం కనిపించే సెహన్, దాని చుట్టూ దాలాన్, అర్రలు. కొందరు దీన్ని దేవ్డి అంటారు, కొందరు మండువా ఇల్లు అంటారు, కొందరు భవంతి అంటారు. పేరు ఏదైనా చాలా చోట్ల కథ ఒక్కటే. ఇంటి పెద్ద పోయాడు. పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. ముందు గదిలో వృద్ధురాలైన తల్లి ఒక్కతే ఉంటుంది, లేదంటే దర్వాజకు తాళం ఉంటుంది. వానలు పడగానే ఒక మూల పెంకులు జారతాయి. మరుసటి ఏడు ఆ మూల కూలుతుంది. ఆ తర్వాత బిల్డర్ నుంచి ఫోన్ వస్తుంది.

బిల్డర్‌కు ఇవ్వడం తప్పేమీ కాదు. కొన్ని ఇళ్లకు అదే దిక్కు. కానీ ఆ ఇంటిని బాగు చేసి, మూడు నాలుగు పోర్షన్లు చేసి, కిరాయికి ఇచ్చుకునే దారి కూడా ఉంది. ఆ దారి పట్టాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అనేది తెలియాలి. చాలామంది ముందు మేస్త్రీని పిలుస్తారు. నిజానికి ముందు పిలవాల్సింది అక్కచెల్లెళ్లను.

కిరాయికి గిరాకీ ఉందా?

ఈ మూడు పట్టణాల్లో కిరాయి ఇళ్లకు గిరాకీ రావడానికి కారణాలు కంటికి కనిపించేవే. సూర్యాపేట 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్, జిల్లా ఆఫీసులు వచ్చాయి. 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఉద్యోగులు, నర్సులు, విద్యార్థులు ఇళ్లు వెతుక్కుంటున్నారు. కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద, ఆంధ్ర సరిహద్దు పక్కన ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లులున్నాయి. పక్కనే దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది.

ఇలా వచ్చేవాళ్లలో చాలామందికి మూడు బెడ్‌రూముల ఫ్లాటు అక్కర్లేదు. ఒక గది, వంటిల్లు, విడిగా బాత్‌రూం, నీళ్లు, బండి పెట్టుకునే జాగా ఉంటే చాలు. బజారుకు, బస్టాండుకు నడిచే దూరంలో ఉంటే ఇంకా మంచిది. పాత బజారులోని పెద్ద ఇల్లు సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

చిన్న పట్టణాల్లోని మామూలు కుటుంబాల ఇళ్ల గురించి పెద్దగా ఎవరూ రాయలేదు. కానీ హైదరాబాద్‌లో జరిగిన నాలుగు సంగతులు చూస్తే ఇల్లు ఎలా పోతుందో, ఎలా నిలుస్తుందో అర్థమవుతుంది.

మొదటిది చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1900లో తన బేగం కోసం కట్టించిన భవనం అది. పన్ను బాకీల కింద 1965లో మున్సిపల్ కార్పొరేషన్ చేతికి పోయింది. పన్ను కట్టకపోతే మహల్ అయినా మిగలదు.

రెండోది మాల్వాలా ప్యాలెస్. 1845 నాటి దేవ్డి, చెక్క పనితనానికి పేరున్న ఇల్లు. 2000 సంవత్సరంలో దానిలో చాలా భాగాన్ని కూల్చేశారు. పాతదైనంత మాత్రాన, గొప్ప పేరు ఉన్నంత మాత్రాన ఇల్లు దానంతట అది నిలబడదు.

మూడోది ఫలక్‌నుమా. పైగా అమీరు వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించాడు, తర్వాత నిజాం చేతికి వచ్చింది. చాలా ఏళ్లు ఖాళీగా ఉంది. దాన్ని అమ్మలేదు, తాజ్ హోటళ్ల సంస్థకు లీజుకి ఇచ్చారు. సుమారు పదేళ్లు మరమ్మతులు చేసి 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచారు. యాజమాన్యం ఒకరిది, వాడకం మరొకరిది. ఆ వాడకమే భవనాన్ని నిలబెట్టింది.

నాలుగోది మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, లోపల కిరాయిదారుల దుకాణాలు. కప్పు కారుతూ, ఎవరికి తోచినట్టు వాళ్లు రేకులు, షెడ్లు వేసుకుని ఉండేది. తర్వాత కట్టి అంటించినవన్నీ తీసేసి, సున్నంతో మరమ్మతు చేసి, 2020 ఆగస్టు 14న మళ్లీ తెరిచారు. వ్యాపారాలు అక్కడే కొనసాగాయి. కిరాయిదారులున్న పాత భవనాన్ని కూడా బాగు చేయవచ్చని దీంతో తేలింది.

ఈ నాలుగింటి వెనకా ప్రభుత్వమో, పెద్ద కుటుంబమో, పెద్ద కంపెనీయో ఉంది. సూర్యాపేట గల్లీలోని ఇంటికి ఆ అండ లేదు. తెలంగాణ హెరిటేజ్ చట్టం 2017లో వచ్చింది గానీ, అది ప్రభుత్వం గుర్తించి ప్రకటించిన కట్టడాలకే. మామూలు కుటుంబం ఇంటిని కాపాడాల్సింది ఆ కుటుంబమే. పుదుచ్చేరిలో వైశ్యాళ్ వీధి పాత తమిళ ఇళ్ల ముందు భాగాలను ఇన్‌టాక్ సంస్థ, ప్రభుత్వం, ఇంటి యజమానులు కలిసి బాగు చేసుకున్నారు. దానికి 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. అక్కడ కూడా యజమానులు ఒప్పుకుని ముందుకొచ్చాకే పని జరిగింది.

మొదటి పని: ఎవరి వాటా ఎంత?

తండ్రి బతికి ఉన్నంత కాలం ముస్లిం కుటుంబంలో కొడుకులకు ఆ ఇంట్లో పుట్టుకతో వచ్చే హక్కు ఉండదు. ఆయన పోయిన రోజునే వారసులందరికీ వాటాలు వచ్చేస్తాయి. ఎవరూ రాయకపోయినా, పంచకపోయినా వచ్చేస్తాయి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసియత్ ఉంటే అది తీరాక మిగిలింది వారసులది. వారసుల ఒప్పుదల లేకుండా వసియత్ మూడో వంతు దాటకూడదు.

ఒక ఉదాహరణ. ఇంటి పెద్ద పోయాడు, ఆయన తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. హనఫీ లెక్కలో భార్యకు ఎనిమిదో వంతు. మిగిలింది కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున. ఇంటిని 48 భాగాలు అనుకుంటే తల్లికి 6, ఒక్కో కొడుకుకు 14, ఒక్కో కూతురికి 7. మొత్తం 48. హిందూ కుటుంబమైతే లెక్క వేరు, అక్కడ కొడుకూ కూతురూ సమానం.

లొల్లి మొదలయ్యేది ఇక్కడే. ‘చెల్లెళ్లు వద్దన్నారు’ అని అన్నలు అనుకుంటారు. పెళ్లి ఖర్చు పెట్టాం కదా, ఇంకేం వాటా అంటారు. పెళ్లి ఖర్చు వాటాకు చెల్లు కాదు. నోటితో వద్దు అన్నంత మాత్రాన ఆస్తి కాగితం మారదు. తండ్రి ఉండగానే రాయించుకున్న ‘నాకు వాటా వద్దు’ అనే కాగితానికి మామూలుగా విలువ ఉండదు, ఎందుకంటే అప్పటికి ఆమెకు వాటానే లేదు. తండ్రి పోయాక చెల్లెలు నిజంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా వదులుకుంటే రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాయాలి. హిబా చేస్తే ఇచ్చినట్టు చెప్పడం, తీసుకున్నవాళ్లు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, మూడూ జరగాలి. ముస్లింలకు నోటి హిబా చెల్లుతుంది గానీ, రేపు బ్యాంకుకో కోర్టుకో చూపించాలంటే రాతలో ఉండటమే మేలు.

ఇంటిని పంచుకోవాలనే రూలు ఏమీ లేదు. పంచకుండానే అందరి పేరు మీద ఉంచి, కిరాయి మాత్రం వాటాల ప్రకారం పంచుకోవచ్చు. పాత ఇళ్లకు ఇదే బాగా కుదురుతుంది. సెహన్ మధ్యలో గోడ కడితే ఇంటికి వెలుతురూ పోతుంది, విలువా పోతుంది. అలా ఉమ్మడిగా ఉంచుకుంటే ఒక ఒప్పంద పత్రం రాసుకోవాలి. ఎవరి వాటా ఎంత, కిరాయి ఎవరు వసూలు చేయాలి, ఏ బ్యాంకు ఖాతాలో వేయాలి, మరమ్మతుకు డబ్బు ఎవరు పెడతారు, ఎలా తిరిగి తీసుకుంటారు అన్నవి అందులో ఉండాలి. విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

ఉర్దూలో ఉన్న కాగితాలు

ఈ ప్రాంతమంతా 1948 దాకా నిజాం పాలనలో ఉంది కాబట్టి పాత దస్తావేజులు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. తేదీ ఫస్లీలో ఉంటుంది. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం దాదాపుగా వస్తుంది. ఫస్లీ 1350 అంటే 1940–41. ఇంట్లో ఉర్దూ చదవగలిగిన పెద్దవాళ్లు ఉండగానే ఆ కాగితాలు చదివించి, తెలుగులోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించుకోవడం మంచిది. హద్దులు, గజాలు, బావి హక్కు, గల్లీ దారి హక్కు అందులోనే ఉంటాయి.

పాత ఆబాదీలోని కొన్ని ఇళ్లకు అసలు కొనుగోలు దస్తావేజే ఉండదు. అలాంటప్పుడు ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు జాగ్రత్త చేయాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీసుకుంటే ఎవరైనా ఇంటిని తాకట్టు పెట్టారా, అమ్మారా అన్నది తెలుస్తుంది. ఇల్లు వక్ఫ్ కింద ఉందని తేలితే మాత్రం దారి వేరు. వక్ఫ్ ఆస్తిని అమ్మడానికి, దానం చేయడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. కిరాయికి ఇవ్వడం కూడా వక్ఫ్ చట్టం, లీజు నిబంధనల ప్రకారమే జరగాలి.

ఒకరు ససేమిరా అంటే?

పదిమంది చేతిలో పాము చావదన్నట్టు, అయిదుగురు వారసుల్లో ఒకరు సంతకం పెట్టకపోతే పని ఆగిపోతుంది. అప్పుడు ఆ ఒక్కరు తన వాటాను బయటివాళ్లకు అమ్ముతానని బెదిరించడం మామూలే. ఇక్కడ రెండు పాత చట్టాలు కుటుంబానికి పనికొస్తాయి.

ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ప్రకారం, విభజన కాని కుటుంబ నివాసంలో ఒకరి వాటా కొన్న బయటి వ్యక్తి నేరుగా వచ్చి ఇంట్లో కూర్చోలేడు. అతను విభజన కోసం కోర్టుకు పోవాల్సిందే. అలా పోతే 1893 నాటి పార్టిషన్ చట్టం 4వ సెక్షన్ కింద కుటుంబ సభ్యులు ఆ వాటాను కోర్టు కట్టిన ధరకు తామే కొంటామని అడగవచ్చు.

అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. ఇంటిని సరిగా పంచడం కుదరకపోతే, సగం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్నవాళ్లు అడిగితే, కోర్టు ఇంటిని అమ్మించి డబ్బు పంచమని చెప్పవచ్చు. పై ఉదాహరణలో ఇద్దరు కొడుకుల వాటా కలిపితే 28. అంటే సగం కన్నా ఎక్కువ. కాబట్టి తల్లికీ, అక్కచెల్లెళ్లకూ ఇల్లు ఉండాలని ఉన్నా, కేసు దాకా పోతే అది వాళ్ల చేతిలో ఉండకపోవచ్చు. ఇంట్లోనే మాట్లాడుకుని రాసుకోవడం అందరికీ మేలు అనేది ఇందుకే.

రెండో పని: కప్పు, ఆ తర్వాతే రంగులు

కాగితం కుదిరాక మేస్త్రీ దగ్గరికి పోవచ్చు. మామూలు మేస్త్రీకన్నా ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించడం అవసరం. మనుషులు పడుకునే కప్పు కింద కిరాయి తీసుకుంటున్నప్పుడు ఈ ఖర్చును తగ్గించుకోకూడదు. దూలాల చివర్లు గోడలో దిగే చోట తడి చేరి పుచ్చిపోతాయి, చెదలు కూడా అక్కడి నుంచే ఎక్కుతాయి. పైనుంచి రంగు వేసి ఉంటే కనపడదు. తట్టి చూస్తే బోలు శబ్దం వస్తుంది, సన్నటి మొలతో గుచ్చితే దిగిపోతుంది. దూలం మొత్తం మార్చక్కర్లేదు, పుచ్చిన చివర కోసి మంచి కర్ర అతికించి ఇనుప పట్టీలు వేయవచ్చు. ఎంతవరకు అనేది ఇంజినీరే చెప్పాలి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాట్లు రెండు.

ఒకటి, పాత గోడల మీద సిమెంటు ప్లాస్టరు చేయించడం. పాత గోడలు రాయి, మట్టి, సున్నంతో కట్టినవి. నేల నుంచి తడి పైకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా ఆరిపోతుంది. దాని మీద సిమెంటు వేస్తే తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. రెండు మూడేళ్లలో ప్లాస్టరు ఉబ్బి ఊడుతుంది, ఉప్పు తేలుతుంది, లోపలి మట్టి మెత్తబడుతుంది. గోడ చెడిపోయిందని అప్పుడు అంటారు. పాత గోడకు సున్నపు పూతే సరైనది. సున్నాన్ని చాలా రోజులు నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి వాడేవాళ్లు. ఈ డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ. హైదరాబాద్‌లో పాత కట్టడాల మరమ్మతు పని చేసినవాళ్లను అడిగి పిలిపించుకోవాలి. పని నెమ్మదిగా సాగుతుంది, కూలి ఎక్కువే. కానీ మళ్లీ మళ్లీ చేయించే పని తప్పుతుంది.

రెండు, పాత మట్టి గోడల మీద ఆర్‌సీసీ స్లాబు వేసి పైన ఇంకో అంతస్తు లేపడం. ఆ బరువు మోయడానికి ఆ గోడలు కట్టలేదు. ఎక్కువ కిరాయి ఆశతో చేసే ఈ పని వల్ల కింద ఉన్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. పై అంతస్తు కావాల్సిందే అంటే విడిగా పిల్లర్లు, పునాది వేసి, ఇంజినీరు డిజైన్ ప్రకారం కట్టాలి. లేదంటే ఆ ఆలోచన మానుకోవాలి.

పోర్షన్లు ఎలా చేయాలి?

పాత ఇంటికి ఉన్న మంచి గుణం సెహన్. చుట్టూ గదులన్నిటికీ వెలుతురు, గాలి అక్కడి నుంచే వస్తాయి. దాన్ని రేకులతో కప్పకుండా అందరికీ ఉమ్మడిగా వదలాలి. మర్దానా వైపు, జనానా వైపు రెండు దారులు ఉన్న ఇళ్లలో పోర్షన్లు విడదీయడం సులువు. ఒక్కో కుటుంబానికి విడి దర్వాజ, వాళ్ల ఆడవాళ్లు ఇబ్బంది పడకుండా బట్టలు ఆరేసుకునే చోటు ఉంటే కిరాయిదారులు ఎక్కువ కాలం ఉంటారు.

బాత్‌రూములు, లెట్రిన్లు పాత గదుల మధ్యలో పెట్టకూడదు. మట్టి గోడకు నీళ్లే పెద్ద శత్రువు. అన్నీ ఒకే వైపు, పెరట్లోనో వెనక గోడకు ఆనుకునో, కొత్త ఇటుక కట్టుతో విడిగా కట్టి పైపులన్నీ ఒకే వరుసలో తేవాలి. సెప్టిక్ ట్యాంకు బావికీ బోరుకూ దూరంగా ఉండాలి. కర్ర కప్పు ఉన్న ఇంట్లో పాత వైరింగు పూర్తిగా తీసేయాలి. కొత్త వైర్లు పైపుల్లో వేసి, ఎర్తింగు, ఎంసీబీలు పెట్టాలి. పాత టేకు ఇళ్లు వానకే కాదు, నిప్పుకూ పోతాయి.

కరెంటు మీటరు విషయంలో చాలామంది నష్టపోతున్నారు. నాలుగు కుటుంబాలకు ఒకే మీటరు ఉంటే యూనిట్లన్నీ కలిసి పై శ్లాబులోకి పోతాయి, యూనిట్ ధర పెరుగుతుంది. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి అర్హులైన తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది. కిరాయికి ఉన్నవాళ్లకూ ఈ పథకం వర్తిస్తుంది. ఒకే మీటరు మీద నలుగురు వాడుకుంటే 200 దాటిపోతుంది, ఎవరికీ లాభం ఉండదు. పోర్షన్‌కు ఒక మీటరు పెట్టించడం యజమానికీ, కిరాయిదారుకూ ఇద్దరికీ మంచిది.

మున్సిపాలిటీలో ఏం చేయాలి?

పెంకులు సర్దడం, పూత వేయడం, రంగులు, ఫ్లోరింగు లాంటివి మరమ్మతులు. కొత్త గోడలు, గదులు, అంతస్తు, మెట్లు అయితే అనుమతి తీసుకోవాలి. దీనికి 2020లో బీపాస్ ఆన్‌లైన్ విధానం వచ్చింది. స్థలం 600 చదరపు గజాల లోపు, ఎత్తు 10 మీటర్ల లోపు ఉండే నివాస కట్టడాలకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదనే అనుమతి వస్తుంది. కానీ అందులో తప్పు చెబితే బాధ్యత యజమానిదే. పాత గల్లీల్లో రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ సమస్య ఉంటుంది. మొత్తం పడగొట్టి కొత్తగా కడితే రోడ్డుకు కొంత జాగా వదలాల్సి రావచ్చు. బిల్డర్‌తో మాట్లాడే ముందు టౌన్ ప్లానింగ్ విభాగంలో ఈ సంగతి కనుక్కోవాలి. 200 గజాల ఇంటికి 200 గజాల కొత్త ఇల్లు రాదు.

ఇంటి పన్ను వార్షిక అద్దె విలువను బట్టి వేస్తారు. కిరాయికి ఇచ్చాక, కట్టడం పెరిగాక పన్ను మారవచ్చు. దాన్ని దాచడం కన్నా చెప్పి కట్టడమే నయం. పోయిన పెద్దమనిషి పేరు మీదే పన్ను నడుస్తుంటే వారసుల పేర్లు ఎక్కించుకోవాలి.

కిరాయి కాగితం

11 నెలల అగ్రిమెంటు ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. ఏడాదికి లోపు లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అనుకుని అలా రాస్తారు, కానీ తెలంగాణలో ఎంత కాలపు లీజునైనా రిజిస్ట్రేషన్ చేయాలి. కిరాయి, అడ్వాన్సు, కరెంటు, నీళ్లు, సున్నం ఖర్చు, ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయాలి అన్నవి అందులో ఉండాలి. నెల నెలా కిరాయిని ఏ ఒప్పందమూ లేకుండా నడిపిస్తే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఏ వైపు వాళ్లయినా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా ఖాళీ చేయకపోతే కోర్టుకు పోవాలి తప్ప సామాను బయట వేయడం, కరెంటు కట్ చేయడం చట్టం ఒప్పుకోదు.

అడ్వాన్సు ఎంత తీసుకోవాలనే దాని మీద కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం నివాసాలకు రెండు నెలల కిరాయి పరిమితి చెప్పింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా రెండు నెలలు అనేది ఇద్దరికీ న్యాయమైన మాట.

ముప్పై నలభై ఏళ్లుగా ముందు గదిలో ఉంటున్న పాత కిరాయిదారు ఉంటే మరమ్మతు మొదలుపెట్టే ముందే మాట్లాడుకోవాలి. పని జరిగినన్నాళ్లు ఎక్కడ ఉంటారు, తిరిగి వస్తే కిరాయి ఎంత అన్నది రాసుకోవాలి. కప్పు విప్పుతుంటే కింద మనుషులను ఉంచడం అసలే కుదరదు.

లెక్క ఎలా ఉంటుంది?

ఇది ఊహించి వేసిన లెక్క మాత్రమే. ఎవరి ఇంటి అంకెలు వాళ్లు వేసుకోవాలి. మరమ్మతుకు రూ.12 లక్షలు అయ్యాయనుకుందాం. నాలుగు పోర్షన్లు, ఒక్కోటి నెలకు రూ.5,000. ఏడాదికి రూ.2,40,000. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుంటే రూ.20,000 తగ్గుతుంది. పన్ను, చిన్న చిన్న రిపేర్లకు రూ.30,000 తీసేస్తే రూ.1,90,000 మిగులుతుంది.

ఈ 12 లక్షలు ఒక్క అన్నే పెట్టాడనుకుందాం. తొలి రోజు నుంచే వాటాలు పంచితే అతని డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు, అతనే ఇంటిని తన పేరుకు రాయమంటాడు. మొత్తం అతనే తీసుకుంటే అమ్మకు, చెల్లెళ్లకు ఆరేళ్లకు పైగా ఏమీ రాదు, వాళ్లు అమ్మేయమంటారు. మధ్యే మార్గం ఒకటుంది. మిగులులో 70 శాతం, అంటే ఏడాదికి రూ.1,33,000 అతని బాకీ కింద తీరాలి. సుమారు 9 ఏళ్లలో తీరిపోతుంది. మిగతా రూ.57,000 వాటాల ప్రకారం పంచాలి. తల్లికి రూ.7,125, ఒక్కో చెల్లెలికి దాదాపు రూ.8,300, ఒక్కో అన్నకు రూ.16,625. అన్న పెట్టిన డబ్బుకు వడ్డీ లేదు, అది కర్జె హసనా. ఆ మాట కూడా కాగితంలో ఉండాలి. బాకీ తీరాక ఏడాదికి తల్లికి రూ.23,750, ఒక్కో చెల్లెలికి రూ.27,700 దాకా, ఒక్కో అన్నకు రూ.55,400 దాకా వస్తుంది. అప్పటికి కిరాయిలు పెరిగి ఉంటే ఇంకా ఎక్కువ.

ఇన్‌కం ట్యాక్స్‌లో ఇంటి కిరాయి మీద, కట్టిన మున్సిపల్ పన్ను పోను, 30 శాతం మినహాయింపు ఉంటుంది. వాటాలు స్పష్టంగా ఉంటే ఎవరి వాటాకు వాళ్లే పన్ను లెక్క చూపిస్తారు. వసూలు చేసే ఒక్కరి నెత్తిన మొత్తం పడదు. వాటాలు రాసుకోవడానికి ఇది ఇంకో కారణం.

ఇదే లెక్కను బిల్డర్ ఇచ్చే మాటతో పోల్చి చూసుకోవాలి. బిల్డర్ ఇచ్చే డబ్బో ఫ్లాట్లో ఎక్కువ విలువ ఉండవచ్చు. కప్పు, గోడలు రెండూ పోయిన ఇంటికి 12 లక్షలు సరిపోవు కూడా. ఇంజినీరు ఈ ఇల్లు నిలవదు అంటే పడగొట్టడమే సరైన పని. అప్పుడైనా వాటాలు తేల్చకుండా డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద సంతకం పెడితే, రేపు ఫ్లాట్ల మీద అదే లొల్లి వస్తుంది.

ఈ వానాకాలం లోపు చేయగలిగినవి

పెద్ద పని మొదలుపెట్టడానికి డబ్బు లేని కుటుంబాలు కూడా కొన్ని చేయవచ్చు. జారిన పెంకులు సర్దించడం, కప్పు మీద మొలిచిన రావి, మర్రి మొక్కలు వేర్లతో తీయించడం, తూములు శుభ్రం చేయించడం, సెహన్‌లో నీళ్లు నిలవకుండా వాటం చూడటం. వీటికి లక్షలు అక్కర్లేదు. ఇల్లు మొత్తం ఫొటోలు తీసి, గజాలు కొలిచి ఒక కాగితం మీద గీసి పెట్టుకోవాలి. ఉర్దూ దస్తావేజు చదివించాలి. పన్ను బాకీ ఎంతుందో చూడాలి.

ఆ తర్వాత పండక్కు అందరూ ఊరికి వచ్చినప్పుడు, అన్నదమ్ములు మాత్రమే కాకుండా అక్కచెల్లెళ్లను, అమ్మను కూర్చోబెట్టి మాట్లాడుకోవాలి. 48 భాగాల లెక్క ఒక కాగితం మీద వేసి అందరి ముందు పెడితే సగం పంచాయితీ అక్కడే తీరుతుంది. మిగతా సగం మేస్త్రీ, ఇంజినీరు, వకీలు చూసుకుంటారు.